పొలుసు లేని చేప

1984 సెప్టెంబర్ 10

సుందరమ్మకు టైఫాయిడ్ తగ్గింది. ఒంట్లో సత్తువ లేదు. పక్కింటి రాజన్న బక్కెట్లో బతికున్న మాగుర్ చేప తెచ్చాడు. దీని పులుసు తాగితే వదినెకు రక్తం పడతదన్నా అన్నాడు. ఎనకట ప్రతి కుంటల మస్తుండె, ఫ్యాక్టరీ నీళ్లకు అన్నీ సచ్చినయ్, దినమంత బురద పిసికితే గిదొక్కటే దొరికింది అన్నాడు.

నల్లగా ఉంది. మీసాలు. ఒంటిమీద ఒక్క పొలుసు లేదు!

పోయిన వారమే మా ఇంటి ప్రార్థనలో లేవీయకాండం తెరిచి సంఘం ముందు గర్జించాను. పొలుసులు లేనిది హేయం, దాన్ని వండే పొయ్యీ హేయం అని. నా పొయ్యి ఎక్కనివ్వను.

సెప్టెంబర్ 11

పట్నంలో గొడవలు, కర్ఫ్యూ. గోడ మీంచి తిరిగి ఇస్తే రాజన్న తీసుకోలేదు, ఎక్కడైనా వదిలేద్దామంటే గడప దాటలేను.

సెప్టెంబర్ 12

మెతుకులు వేస్తే ముట్టలేదు. గోడ మీంచి రాజన్న నవ్వాడు. నీ ప్రసాదం దానికి వద్దన్నా, పురుగులు గావాలె, అడుగున బురద, పైన చీకటి గావాలె అన్నాడు. పెరటి మట్టి తవ్వి వానపాములు వేశాను. గోనె కప్పాను. కాసేపటికి ఒక్కటీ మిగల్లేదు. మధ్యమధ్య పైకొచ్చి గాలి మింగి పోతోంది.

హేయమైనదానికి మేత పెడుతున్నవ్, నాకేం పెడతవయ్యా అన్నది సుందరమ్మ.

సెప్టెంబర్ 13

బియ్యం అడుగంటింది. సుందరమ్మ గంజి కక్కుకుంది. పేతురుకు ఆకాశం నుంచి దుప్పట్ల అన్ని జంతువులు దించి, సంపుకొని తినుమనలేదా దేవుడు అని అడిగింది. అది అన్యజనుల సంగతి, తిండి సంగతి కాదు అన్నాను. గప్పుడు పేతురుకు ఆకలైతుండె, సదువు అన్నది.

చదివాను. ఆకలిగానే ఉన్నాడు.

అయినా సంఘం ముందు అన్న మాట?

సెప్టెంబర్ 14, సాయంత్రం

లేవబోయి సుందరమ్మ పడిపోయింది. ఎత్తితే దిండంత బరువు లేదు. మంచం మీద పడుకోబెట్టి కత్తిపీట తీశాను. బక్కెట్ ఖాళీ!

బయట జోరువాన. నా కేక విని, అన్నా, వానకు అది నేలమీద నడుస్తది, గల్లీల జూడు అని గోడ మీంచి రాజన్న అరిచాడు. నిజంగానే రెక్కలు ఊని, ఒళ్లు తిప్పుకుంటూ గల్లీ నడుమ పోతోంది. మూలన పోలీసు. గడప దాటాను. అందర్ జావ్ బుడ్ఢే, గోలీ మారూంగా అని తుపాకీ ఎత్తాడు. బోర్లా పడి రెండు చేతులా పట్టుకున్నాను. దాని రెక్క ముల్లు అరచేతిలో దిగింది. విడవలేదు. పైకెత్తి చూపించి, బీవీ బీమార్ హై సాబ్, భార్యకు జబ్బు అన్నాను. అతను నవ్వాడు. మచ్లీకో భీ బోలో, కర్ఫ్యూ హై అన్నాడు, చేపకూ చెప్పమని.

నేనే కోశాను. నేనే వండాను.

సెప్టెంబర్ 15

చేయి వాచింది. ఎడమచేత్తో తినిపించాను. ఉప్పు ఎక్కువైందన్నది. గిన్నె మాత్రం వదల్లేదు.

సెప్టెంబర్ 16, ఆదివారం

కర్ఫ్యూ సడలించారు. ప్రార్థనకని సంఘస్తులు తలుపు తట్టారు. ఇంటినిండా ఇంకా పులుసు వాసన. నేను కూర్చున్నచోటే ఉన్నాను. సుందరమ్మ లేచి, నడిచి వెళ్లి, తలుపు తీసింది.