గ్రూపులో ఉన్న చిన్నోడు

చిన్నోడికి, లేదా చిన్నోడి పేరుతో ఈ కవరు చింపుతున్నది ఎవరైతే వాళ్లకి,

క్షేమమా అని అడగను. రోజూ పొద్దున్నే మన కుటుంబం గ్రూపులో గులాబీ బొమ్మ పెట్టి మరీ నువ్వే చెబుతున్నావు. నా అనుమానమంతా అక్కడే మొదలైంది.

రెండేళ్ల క్రితం మా కోడలు ఆ గ్రూపు పెట్టి, నా పాత డైరీలోంచి నీ నంబరు తీసి చేర్చింది. ఆ రోజు నుంచి నువ్వు నువ్వులా లేవు. నా మోకాలు ఎలా ఉందని అడుగుతున్నావు. మీ బావ పుట్టినరోజు నాకంటే ముందు నీకు గుర్తొచ్చింది. గడియారం చక్రాలు తప్ప మనుషుల మొహాలు చూడని నీకు ఇంత ప్రేమ ఎక్కణ్నుంచి ఊడిపడింది? ఫోన్ చేస్తే ఎత్తవు. "గొంతు పట్టేసిందక్కా" అని మెసేజ్ పెడతావు. రెండేళ్లపాటు పట్టేసే గొంతు ఎక్కడైనా ఉందా?

ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్చేంజిలో కూర్చుని 'హలో' అనగానే అబద్ధం పట్టేసినదాన్ని. నీ ఫోను ఎవరో కాజేశారు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. నీ కోడిగీతల్లోనే జవాబు రాయి. ఫోన్ చెయ్యకు, ఈమధ్య గొంతులు కూడా తయారు చేస్తున్నారట.

ఇట్లు,
అనుమానం తీరేదాకా నీకేమీ కాని
అక్క

తా.క.: నువ్వు చెప్పినట్టే మోకాలికి కాపడం పెట్టాను. తగ్గింది. అందుకే ఇంకా భయంగా ఉంది.

•

అక్కకి,

ఏ గ్రూపు? ఏ గులాబీ? నా దగ్గరున్నది బటన్ల ఫోను. అందులో గులాబీ పెట్టాలంటే వెనక మూత తీసి పెట్టాలి.

అసలు ఆ ఉత్తరం రాసింది నువ్వేనా? మా అక్క నాకు ఉత్తరం రాసి ఆరేళ్లు దాటింది. పైగా మా అక్క మోకాలు నొప్పి అని చచ్చినా ఒప్పుకోదు. షాపులో కంటికి భూతద్దం తగిలించుకుని నీ రాత అక్షరం అక్షరం చూశాను. 'ళ' మాత్రం నీదే. మిగతావాటి మీద నాకు నమ్మకం లేదు.

ఇట్లు,
గొంతు బాగానే ఉన్న
చిన్నోడు

తా.క.: మనకో కుటుంబం గ్రూపు ఉందన్నమాట. రెండేళ్లుగా ఉందన్నమాట. సరేలే.

•

ఇద్దరు చిన్నోళ్లలో ఒకడికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గ్రూపులో ఒకడు, పోస్టులో ఒకడు. ఇద్దరూ నేనే చిన్నోణ్ని అంటున్నారు. చేతిరాత కూడా కంప్యూటరు రాసేస్తుందని మా కోడలు చెప్పింది. అందుకని పరీక్ష పెట్టాను. "చిన్నప్పుడు నాన్న కళ్లజోడు విరగ్గొట్టింది ఎవరు?" అని గ్రూపులో అడిగాను.

నిమిషంలో జవాబొచ్చింది. "ఆ పాత సంగతులు ఇప్పుడెందుకులే అక్కా. ఆ రోజు నువ్వు అడ్డం పడకపోతే నా గతి ఏమయ్యేది!"

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. మీ బావ నా చేతిలోంచి ఫోను లాక్కుని తుడిచాడు.

ఇప్పుడు నీ వంతు. అదే ప్రశ్న.

ఇట్లు,
జవాబు కోసం చూసే
అక్క

తా.క.: గ్రూపులో చూసి రాయొద్దు.

•

అక్కా,

కళ్లజోడు విరగ్గొట్టింది నువ్వు. కుర్చీలో ఉన్నది చూసుకోకుండా దాని మీద కూర్చున్నావు. తర్వాత ముక్కలు నా చొక్కా జేబులో పెట్టావు. నువ్వు అడ్డం పడలేదు, తలుపు చాటునుంచి చూస్తూ నిలబడ్డావు. నాన్న బెల్టు దెబ్బలెన్నో ఇప్పటికీ నాకు లెక్క తెలుసు.

నీకు తియ్యగా మాట్లాడే తమ్ముడు కావాలంటే వాణ్నే ఉంచుకో.

ఇట్లు,
నిజం చెప్పి చెడ్డవాడైన
చిన్నోడు

తా.క.: వాడు భోజనానికి కూడా వస్తాడేమో కనుక్కో.

•

నకిలీ చిన్నోడికి,

దొరికిపోయావు. నా తమ్ముడు నా మీద ఇలాంటి అభాండం వెయ్యడు.

గడియారాల షాపు అడ్రసుతో ఎవడో నాకు దొంగ ఉత్తరాలు రాస్తున్నాడని గ్రూపులో పెట్టేశాను, నీ అడ్రసుతో సహా. అసలు చిన్నోడికి ఎంత కోపమొచ్చిందో! "నేనే స్వయంగా వెళ్లి సంగతి తేలుస్తానక్కా, నువ్వు కంగారు పడకు" అన్నాడు. మంగళవారం వస్తున్నాడు. పారిపోయినా వెతుకుతాడు.

ఇట్లు,
ఎవరినీ నమ్మని
అక్క

తా.క.: వచ్చేవాడు మంచివాడే. అయినా నీకు బీపీ ఉంటే మాత్ర వేసుకుని కూర్చో.

•

అక్కకి,

మంగళవారం పదకొండు గంటలకి షాపు ముందు ఆటో ఆగింది. గొడవకి సిద్ధంగా స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడ్డాను. దిగింది తెల్లజుట్టు ముసలావిడ. చంకలో గొడుగు.

"నకిలీ చిన్నోడివి నువ్వేనా?" అంది.

"నేను అసలువాణ్నండీ."

ఆవిడ నా మొహం కేసి చాలాసేపు చూసింది. "నిజమేలే. గ్రూపు ఫొటోల్లో చూసిన మీ అక్క ముక్కే. అయితే నకిలీని నేనే నాయనా" అని స్టూలు మీద కూలబడింది.

అవునక్కా. రెండేళ్లుగా నీ తమ్ముడు ఒక ఆవిడ. మందుల షాపులో పనిచేసి మానేసింది, ఒక్కతే ఉంటుంది. మూడేళ్ల క్రితం నా సిమ్ము పోతే కొత్త నంబరు తీసుకున్నాను. పాత నంబరు కంపెనీవాళ్లు ఆవిడకి ఇచ్చారు.

"మొదటిరోజే రాంగ్ నంబరండీ అని సగం కొట్టాను" అంది. "ఇంతలో పదకొండుమంది వచ్చావా చిన్నోడా, తిన్నావా చిన్నోడా అని మీదపడ్డారు. తిన్నావా అని నన్నొకరు అడిగి ఎన్నేళ్లయిందో. కొట్టింది చెరిపేసి, తిన్నాను అని రాశాను."

"మరి కళ్లజోడు సంగతి ఎలా తెలిసింది?"

"నాకేం తెలుసు? ఏ అక్కకైనా ఆ మాట చాలు నాయనా."

నాకు కోపం రావాలి కదా. వచ్చింది కూడా. అప్పుడావిడ సంచిలోంచి ఒక కాగితం తీసింది. వచ్చే గురువారం ఆపరేషను తర్వాత బావ కంట్లో ఏ చుక్కలు ఏ గంటకి వెయ్యాలో పెద్దక్షరాలతో రాసి ఉంది. "ఇది మీ అక్కకి ఇచ్చి, నువ్వే రాశానని చెప్పు, నేనిక గ్రూపులోంచి పోతాను" అంది.

బావకి కన్ను కనబడటం లేదని నాకు తెలియదక్కా. కొత్త నంబరు నీకు చెప్పాలని ఒక్కరోజు కూడా అనుకోలేదు. నువ్వే అడుగుతావులే అనుకుని కూర్చున్నాను, మూడేళ్లు. నా స్థానంలో ఉండి నేను చెయ్యాల్సిందంతా చేసిన మనిషి, నేను కనబడగానే లేచి వెళ్లిపోతానంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కాగితం ఆవిడ చేతికే తిరిగి ఇచ్చాను. మీరే వచ్చి ఇవ్వండి అన్నాను. ఒప్పుకోవడానికి మూడు టీలు పట్టింది.

ఆపరేషనుకి ముందురోజు, వచ్చే బుధవారం మధ్యాహ్నం బస్సుకి ఇద్దరం వస్తున్నాం. షాపు వారం రోజులు మూసేస్తున్నాను.

ఇట్లు,
గ్రూపులో చోటుంటే చేరతానంటున్న
నీ తమ్ముడు

తా.క.: ఒక్క చిక్కుంది. ఆవిడకి డెబ్బై రెండు, నీకంటే నాలుగేళ్లు పెద్ద. రెండేళ్లుగా "ఒరేయ్ దున్నపోతా, ఫోనెత్తవేంరా" అని నువ్వు పెట్టినవన్నీ దాచుకుని నాకు చదివి వినిపించింది. గేటు దగ్గరే నువ్వే ముందు "అక్కా" అని పిలిచెయ్.