ముందు బండి

అక్కా,

నీ ఉత్తరం అందింది. బావ మోకాలు నొప్పి తగ్గిందన్నావు, మనసు కుదుటపడింది. ఫోన్ చెయ్యకుండా ఈ రాతలేమిటే అని అడిగావు. మా ఇంటి సంగతి నీకు తెలిసిందే, వంటింట్లో గుసగుసలాడినా ముందుగదిలో వినపడుతుంది. ముందుగదిలో నీ మరిది ఉంటారు. కాగితమైతే చప్పుడు చెయ్యదు.

మళ్లీ మా కొండల ప్రయాణం దగ్గరపడింది. భోజనాల బల్ల మీద మ్యాపు పరిచింది పరిచినట్టే ఉంది, నాలుగు మూలలా నాలుగు స్పానర్లు బరువు పెట్టి. పళ్లాలు ఒళ్లో పెట్టుకుని తింటున్నాం. ఈసారి నాలుగు రోజులు. దుంగలు మోసే లారీలు ఎప్పుడో వదిలేసిన అడవి దారి పట్టుకుని పైకెక్కాలి, వాగు రెండుచోట్ల దాటాలి, ఆ పైన కొండ అంచున తొలిచిన సన్నదారి మీదుగా అవతలికి దిగాలి. ఆ అంచుదారిలో ఒక్క బండి పడుతుంది, అంతే. ఇటు రాయి, అటు గాలి. పోయినేడు మేమిద్దరమే వెళ్లి రెండుసార్లు చూసొచ్చాం కాబట్టి మిగతావాళ్లు ధైర్యంగా సరేనన్నారు.

మిగతావాళ్లంటే ఎప్పటివాళ్లే. పళ్ల డాక్టరు, ఆయన కొత్త జీపు. దాని మీద గీత పడుతుందేమోనని కొమ్మ కనపడగానే బ్రేకు వేస్తాడు. రిటైరైన సర్వేయరమ్మ, ఆవిడ పచ్చరంగు పాత బండి. బేకరీ అన్నయ్యా వదినా, వంటసామానూ నీళ్ల డ్రమ్ములూ మోసే వాళ్ల వ్యాను. వాళ్లమ్మాయి పరీక్షలైపోయాయి, ఈసారి అదీ వస్తానంటోంది. ఎప్పటిలాగే ముందు బండి మాది. ముందు బండి ఎటు తిరిగితే మిగతావాళ్లూ అటే తిరగాలి అక్కా. దుమ్ములో వెనకవాళ్లకి మా ఎర్రలైట్లు తప్ప ఇంకేం కనపడదు.

ఇదంతా నాకు సంబరంగా ఉండాలి. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఈ ఉత్తరం కూడా మూడుసార్లు లేచి, మూడుసార్లు కూర్చుని రాస్తున్నా. ఆసుపత్రి లాండ్రీలో నిన్న మడతపెట్టిన దుప్పట్లే విప్పి మళ్లీ మడతపెట్టాను, పక్కమ్మాయి నవ్వింది.

ఎందుకంటే ఏం చెప్పను? ఈమధ్య ఆయన అల్మారా తలుపుకి భుజం కొట్టుకుంటున్నారు. పక్కన పెట్టిన టీ గ్లాసుకి మోచెయ్యి తగిలించి ఒలకబోస్తున్నారు. పరధ్యానం అనుకున్నా. మొన్న ఆదివారం బండి ఎలా ఉందో చూద్దామని పాత క్వారీకి వెళ్లాం. నేను సీసా మూత తీసుకుంటూ ఒక్క నిమిషం మాట ఆపాను. ఆ నిమిషంలో నా పక్కనున్న హద్దురాయికి బండిని రాసేశారు. నా నడుమంత ఎత్తు రాయి, సున్నం కొట్టిన రాయి. స్టీరింగ్ లూజుగా ఉందన్నారు. ఇంటికొచ్చాక పక్కనున్న ఆయన రిపేరు షెడ్డులో బండిని జాకీతో లేపారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నా. ఏమీ బిగించలేదు. కాసేపు అలా కూర్చుని, మళ్లీ దించేశారు.

నీకేమనిపిస్తోందో రాయి. తొందరగా రాయి.

నీ వసపిట్ట


అక్కా,

నీ జవాబు కోసం ఆగలేకపోయాను. తెలిసిపోయింది.

నిన్న లాండ్రీలో మధ్యాహ్నం షిఫ్టు రద్దయితే క్యారేజీ పట్టుకుని నేనే షెడ్డుకి వెళ్లాను. ఆయన ఒక లారీ రేడియేటరు ముందేసుకుని టంకం పెడుతున్నారు. వెంట్రుకంత పగులు. దాన్ని కనిపెట్టి, సూదిమొనలాంటి మంటతో మూస్తున్నారు. అంత సన్నపనిలో ఉన్న మనిషి, పక్కనే నిలబడ్డ నన్ను చూడలేదు. పిలవబోయి ఆగాను. ఏ దేవత పూనిందో, చెయ్యెత్తి ఆయన చెవి పక్కన మెల్లగా ఊపాను. కనురెప్ప కదల్లేదు. ఇంకాస్త ముందుకు, చెంప దాకా తెచ్చాను. అప్పుడూ కదల్లేదు.

"ఎంతసేపు ఊపుతావు, గాలి తగులుతోంది" అన్నారు, తల తిప్పకుండానే.

మంట ఆపేసి, చేతులు తుడుచుకుని, అంతా చెప్పారు. రెండేళ్లయిందట. కంటి డాక్టరు దగ్గరికి ఒక్కరే వెళ్లొచ్చారట. ఎదురుగా ఉన్నది నిక్షేపంగా కనపడుతుంది, పక్కలు మాత్రం మూసుకుపోతూ వస్తున్నాయి. గొట్టంలోంచి చూసినట్టుంటుందన్నారు. ఆ గొట్టం ఇంకా సన్నబడుతుందే తప్ప వెడల్పవదని, దీనికి మందు లేదని డాక్టరు చెప్పేశాడట. వినపడీ వినపడనంత మెల్లగా, ఎవరి రేడియేటరు గురించో చెబుతున్నట్టు చెప్పారు.

నాకు ఏడుపు రావాలి కదా. ముందు కోపం వచ్చింది. ఎందుకో విను, ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పను.

బండెక్కితే నా నోరు ఊరుకోదని నీకు తెలుసు. అదిగో బండరాయి, ఇదిగో గుంత, నా పక్క కొమ్మ వస్తోంది, కొంచెం అటు, చాలు చాలు. పెళ్లయిన కొత్తలో ఆయన విసుక్కునేవారు. "బండి నేను నడుపుతున్నానా, నువ్వా" అనేవారు. ఒకసారి దారిమధ్యలో నన్ను దింపి సర్వేయరమ్మ బండెక్కమన్నారు కూడా. రెండేళ్ల కిందట ఆ విసుగు పోయింది. ఒక్కమాట అనడం మానేశారు. నేను కాసేపు ఊరుకుంటే "ఏంటి, మాట్లాడవే" అని తనే అడిగేవారు. నేనెంత మురిసిపోయానో అక్కా. ఇన్నేళ్లకి నా మాట తీపెక్కిందనుకున్నా. వయసు పైబడి మెత్తబడ్డారనుకున్నా. లాండ్రీలో వాళ్లకి గొప్పగా చెప్పుకున్నా కూడా. ఇప్పుడు తెలిసింది, నా మాట ఆయనకి ముద్దొచ్చి కాదు, అది లేకపోతే దారి తెలియక. ఆ అంచుదారి మీద, ఇటు రాయి అటు గాలి ఉన్న చోట, నా కబుర్లు పట్టుకుని నడిపారు. నేనేమో ఎదురుకొండ మీద రంగులు చూస్తూ సగంసగం చెప్పాను. తలుచుకుంటే అరికాళ్లు జిల్లుమంటున్నాయి.

కోపమంతా కక్కేశాను. విన్నారు. విని, ఒకటే అడిగారు.

"ఈ ఒక్కసారే. నువ్వు మాట్లాడుతూ ఉండు, నేను నడుపుతాను. తర్వాత తాళం నీ చేతిలో పెట్టేస్తాను."

ఆయన నన్ను ఏదైనా అడగడం నేనెరగను. తలూపాను. ఊపానో లేదో ఆయనకి కనపడిందా అని అనుమానమొచ్చి, "సరే" అని పైకి కూడా అన్నాను. అన్నప్పటి నించి ముళ్ల మీద కూర్చున్నట్టుంది. ఆయన హాయిగా మ్యాపు మీద పెన్సిలుతో గీతలు గీసుకుంటున్నారు.

నీ వసపిట్ట


అక్కా,

ఇంత పొడుగు ఉత్తరం రాస్తే, నువ్వు ఒకే ఒక్క మాట రాసి పంపావు. "బేకరీవాళ్ల పిల్ల కూడా వస్తోందా?" అని. తిట్టినా బాగుండేది.

చెప్పేశాను. ఎలా జరిగిందో రాస్తాను, తప్పో ఒప్పో నువ్వే చెప్పు.

శనివారం సాయంత్రం పళ్ల డాక్టరు క్లినిక్ మూశాక, అక్కడే ముందుగదిలో అందరం కూర్చున్నాం. గోడ మీద పళ్లవరసల బొమ్మలు, మధ్యలో స్టూలు మీద మా మ్యాపు. పనులు పంచుకుంటున్నారు. లాగే తాడు ఎవరి బండిలో, డీజిలు డబ్బాలు ఎవరి బండిలో, రాళ్ల మీదికి వెళ్లేముందు టైర్లలో గాలి ఎంత తగ్గించాలి, వాకీటాకీలకి బ్యాటరీలు ఎవరు తెస్తారు. డాక్టరు బాత్రూమ్ సంగతి అడిగితే అడవంతా నీదేనని సర్వేయరమ్మ అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ కుర్చీలో కుదురుగా లేను. బ్యాగు జిప్పు లాగడం, మూయడం. ఆయన అంచుదారి గురించి చెబుతుంటే అందరూ నోళ్లు తెరుచుకుని వింటున్నారు. ఎంత బాగా చెబుతారో నీకు తెలుసు. ఏ మలుపులో ఏ గేరు, ఎక్కడ చక్రం రాయివైపే ఉండాలి, అన్నీ. ఆ మాటలు చాలావరకు నావే. నేను ఆయనకి చెప్పినవే.

అప్పుడు బేకరీ వదిన అంది, "అన్నయ్యగారు ముందుంటే మా అమ్మాయి బండిలో నిద్రపోయినా నాకు బెంగలేదు" అని. ఆ పిల్ల చెవుల్లో పాటలు పెట్టుకుని మూల కుర్చీలో కాళ్లు ఊపుతోంది.

నా నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చింది. "ఆయనకి పక్కచూపు లేదు వదినా. ముందు బండి ఆయన నడపకూడదు."

ఆయన మ్యాపు తీసి మడతపెట్టసాగారు. దాని మడతలు అరిగిపోయి ఉంటాయి, చెయ్యి పెడితే అవే మడుచుకుంటాయి, అయినా ఆ రోజు కుదరలేదు. ఉండలా చేతిలో పట్టుకుని లేచి, గుమ్మం వైపు నడిచారు. గుమ్మం పక్కన చెప్పుల స్టాండు ఉంది. దాన్ని తన్నుకున్నారు. చెప్పులన్నీ కిందపడ్డాయి. నేను చెప్పింది నిజమో కాదో ఇక ఎవరూ అడగక్కర్లేకపోయింది. అలా తెలియడం నాకిష్టం లేదక్కా. ఆ స్టాండు అక్కడ లేకపోతే బాగుండు.

అప్పట్నించి మాటల్లేవు. అన్నం పెడితే తింటారు, తిన్న పళ్లెం కడిగేస్తారు. నేను గదిలోకి వస్తే షెడ్డుకి వెళ్తారు. నేను బల్లకి తగులుతూ, గిన్నెలు కావాలని చప్పుడు చేస్తూ తిరుగుతున్నా, ఎక్కడున్నానో తెలియాలి కదా అని. అది కూడా ఆయనకి ఎత్తిపొడుపులా ఉందేమో.

డాక్టరు ప్రయాణమే వద్దన్నాడు. బేకరీ అన్నయ్య ఏదైనా తారురోడ్డు మీద పోదామన్నాడు. సర్వేయరమ్మ మాత్రం ఇంటికొచ్చి, నాతో ఒక్కమాట మాట్లాడకుండా షెడ్డులోకి వెళ్లి తలుపేసుకుంది. చాలాసేపటికి బయటికొచ్చి, "ఆయన కాక ఆ దారి చూసింది నువ్వొక్కదానివే. నువ్వే నడపాలి, నేను నేర్పిస్తాను" అంది. నేను మార్కెట్టుకి తప్ప జీపు నడిపిన పాపాన పోలేదు. వెనక నించి ఆయన వచ్చి తాళం బల్ల మీద పెట్టారు. నా చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టారు. తను రానని సర్వేయరమ్మతో చెప్పారట.

రోజూ పని దిగి ఆవిడా నేనూ క్వారీకి పోతున్నాం. నిన్న రాళ్లగుట్ట మీద మూడుసార్లు ఇంజను ఆగింది. అరిచేతులు బొబ్బలెక్కాయి. ఒకటి చెప్పనా, ఏడుస్తూ నడిపినప్పుడే బాగా నడుస్తోంది.

నీ వసపిట్ట


అక్కా,

వచ్చేశాం. అందరం, అన్ని చక్రాలతో సహా.

బయల్దేరే పొద్దున లేచేసరికి ఆయన మంచం మీద లేరు. షెడ్డుకి పోయుంటారనుకుని, మొహం వేలాడేసుకుని సామాను సర్దాను. అందరం కలుసుకునే పెట్రోల్ బంకుకి వెళ్తే, బేకరీ వ్యాను వెనకసీట్లో నీళ్ల డ్రమ్ముల పక్కన కూర్చుని ఉన్నారు, ఒళ్లో సంచీ పెట్టుకుని. చిట్టచివరి బండి అది. ఎప్పుడొచ్చారని అన్నయ్యని అడిగితే, తెల్లారకముందే నడిచొచ్చి వ్యాను తలుపు కొట్టారన్నాడు. నా వైపు చూడలేదు. చూడలేదో, నేను ఆ గొట్టంలో పడలేదో.

దారి సంగతి తర్వాత తీరిగ్గా చెబుతాను. వాగులో మొదటిచోట సైలెన్సరు మునిగింది. రెండోచోట డాక్టరు ఇరుక్కుంటే తాడేసి లాగాం, పాపం ఆ కొత్త జీపుకి ఎన్ని గీతలో. అంచుదారి మాత్రం ఒక్క మాట మాట్లాడకుండా నడిపాను. నిజం, నేనే. పక్కసీట్లో ఎవరూ లేరు. దాటాక బండి ఆపి దిగి బంపర్ మీద కూర్చుండిపోయాను. వెనకవి ఒక్కొక్కటీ వచ్చాయి. చివరగా వ్యాను వచ్చేదాకా లెక్కపెడుతూనే ఉన్నా.

అవతలికి దిగితే ఎండిపోయిన చెరువు. చెరువంటే నువ్వనుకునేది కాదు, కనుచూపుమేరా తెల్లటి నేల, బల్లపరుపుగా, ఒక రాయి లేదు, పొద లేదు, గడ్డిపోచ లేదు. అక్కడే టీ పెట్టాం. ఆయన వ్యాను దిగి, గ్లాసు పట్టుకుని ఆ నేలకేసి చాలాసేపు చూశారు. తల ఇటు నించి అటు తిప్పుకుంటూ, ముక్కముక్కగా. తర్వాత నా దగ్గరకొచ్చారు. క్లినిక్‌లో ఆ సాయంత్రం తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట.

"ఇక్కడ గుద్దడానికేమీ లేదుగా?"

లేదన్నాను. చెయ్యి చాపారు. నేను సర్వేయరమ్మని చూశాను. ఆవిడ అందర్నీ వ్యాను వెనక్కి రమ్మని సైగ చేసింది. తాళం ఇచ్చాను.

ఒక్కరే ఎక్కారు. మెల్లగా మొదలుపెట్టి, గేరు మార్చి, మళ్లీ మార్చి, ఎంత వేగంగా పోయారంటే, ఇరవై ఏళ్ల కుర్రాడిలా పోయారు. పెద్ద పెద్ద సున్నాలు చుట్టారు. దుమ్ము గోడలా లేచింది. ఆ అమ్మాయి చెవుల్లోవి తీసేసి చూస్తోంది. తర్వాత తిన్నగా పోవడం మొదలుపెట్టారు, మాకు దూరంగా. బండి అగ్గిపెట్టంతయింది, ఆ తర్వాత చుక్కంతయింది, చప్పుడు కూడా ఆగిపోయింది. ఇక తిరిగి రారేమో అనిపించింది అక్కా, ఎందుకనిపించిందని అడక్కు. అన్నయ్య వ్యాను ఎక్కబోతే సర్వేయరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

దుమ్ము మళ్లింది. చుక్క పెద్దదవుతూ వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపు, మాకింకా చాలా దూరంలో ఉండగానే బండి ఆగిపోయింది. డీజిలు అయిపోయిందా అన్నాడు డాక్టరు. ఆయన దిగారు, తలుపు వేశారు, నడిచి రాసాగారు. ఎండలో, ఆ తెల్లనేల మీద, గబగబా కాదు, మెల్లగానూ కాదు. ఎందుకంత దూరంలో ఆపారో అప్పుడు అర్థమైంది. నేను ఎదురెళ్లాను.

"ఎంత దూరంలో ఆపాను?" అన్నారు.

"చాలా దూరంలో."

"మీరెక్కడున్నారో కనపడలేదు."

తాళం నా చేతిలో పెట్టారు. వెనక అందరూ ఉన్నారు, అందరికీ వినపడింది. ఆయన గొంతు తగ్గించలేదు. బండి దాకా ఇద్దరం నడిచాం. దారిలో ఏం మాట్లాడుకున్నామని అడుగుతావు. ఏమీ లేదు. నా భుజం మీద చెయ్యేసుకుని నడిచారు, అడ్డమేమీ లేని చోట.

నీ వసపిట్ట