గురువారం చదివే పేర్లు

లోవిచ్, 15 జూన్ 1945

ప్రియమైన ఫేలా,

మరియమాత నిన్ను చల్లగా చూడాలి. వార్సా రేడియోలో తప్పిపోయినవాళ్ల పేర్లు చదివేది నువ్వేనని నిన్న సంతలో లౌడ్‌స్పీకర్ కింద నిలబడ్డాక గానీ నాకు తెలియలేదు. నీ గొంతు వినగానే చేతిలో బుట్ట జారిపోయింది.

నా వితెక్ పేరు చదవమ్మా. వితోల్డ్ సోబ్‌చాక్, పంతొమ్మిదేళ్లు. పోయిన ఆగస్టులో జర్మన్ల మీద తిరుగుబాటుకని మీ ఊరొచ్చాడు. మళ్లీ కబురు లేదు. ఎడమ మోచేతి దగ్గర ఆకుపచ్చ ఉన్నితో నేను మాసిక వేసిన స్వెట్టర్ వేసుకెళ్లాడు. ఎవరో ఒకరు చూసే ఉంటారు.

నీ అక్క,
గెనియా

వార్సా, 6 జూలై

ప్రియమైన అక్కా,

నిన్న చదివాను. విన్నావు కదూ? ఇక్కడ జనం పేర్లు రాసి పంపిన చీటీల గోనెసంచులు గది కప్పుదాకా ఉన్నాయి. పేరుకు ఒక్కసారే అవకాశమని నియమం. అయినా వాడి పేరు ప్రతి గురువారం చదువుతాను. నేను ఎత్తుకుని తిప్పిన పిల్లాడు. ఎవరికీ చెప్పకు.

నీ ఫేలా

లోవిచ్, 19 అక్టోబరు

ప్రియమైన ఫేలా,

పదహారు గురువారాలయ్యాయి. సంతలో లౌడ్‌స్పీకర్ పక్కనే పందుల బేరం జరుగుతుంటుంది. నీ గొంతు రాగానే, నాతోపాటు వినడానికి వచ్చే క్లిమెకోవా గారు అరుస్తుంది: "ఒరే, ఆ పందుల నోరు మూయించండ్రా! మీరు మాత్రం తక్కువ అరుస్తున్నారా?" అందరూ నవ్వుతారు. ఆ తర్వాత అందరూ లౌడ్‌స్పీకర్ వైపు తిరుగుతారు. తప్పిపోయిన తన కూతురు సబీనా పేరు రాసి ఆవిడ జూన్‌లోనే చీటీ పంపింది. ఇంకా వంతు రాలేదు. "వస్తుందిలే గెనియా, వాళ్లకి నా ఒక్కదాని కూతురేనా?" అంటుంది.

నిన్న ఫాదర్ పిలిచారు. నవంబరులో గుడిలో చనిపోయినవాళ్ల పేర్లు చదువుతారు కదా, ఆ జాబితా కోసం. "వితెక్ పేరు రాయనా అమ్మా?" అని మెల్లగా అడిగారు. పెన్సిలు తీసుకున్నాను గానీ చెయ్యి కదల్లేదు. రాస్తే నా చేతులతో నేనే వాణ్ణి పూడ్చినట్టు. రాయకపోతే, నిజంగా పోయి ఉంటే, వాడి ఆత్మకు ఒక్క ప్రార్థనా దక్కదు. నువ్వు ఇంకా చదువుతున్నావంటే బతికున్నట్టే కదా? చెప్పు ఫేలా. నిద్ర పట్టడం లేదు. జపమాల చేతిలో ఉంటుంది, మాట నోట్లోకి రాదు.

గెనియా

వార్సా, 23 అక్టోబరు

అక్కా,

పేరు రాయించు.

మొదటిసారి చదివిన వారానికే ఒకావిడ ఉత్తరం రాసింది. వాళ్ల పెరట్లో లిలాక్ పొద కింద, పోయిన సెప్టెంబరులో, వాణ్ణి పూడ్చారట. ఎడమ మోచేతి దగ్గర ఆకుపచ్చ మాసిక ఉందట. ఆ ఉత్తరం సొరుగులో పెట్టి తాళం వేశాను. నేను చదివినంతకాలం వాడు తప్పిపోయినవాడే, చనిపోయినవాడు కాదు. నీకోసమే అనుకున్నాను. నాకోసం కూడా.

వాడి పేరు చదివిన ప్రతిసారీ, వాడికి చోటు కోసం, ఎవరిదో ఒక చీటీ తీసి సంచి అడుక్కి తోశాను. ఎవరిదో చూడలేదు.

క్షమించమని అడగను.

ఫేలా

లోవిచ్, 4 నవంబరు

ప్రియమైన ఫేలా,

నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. నాలుగు నెలలు నా బిడ్డకు ఒక్క దీపం పెట్టలేదు.

శుక్రవారం ఫాదర్ పేర్లు చదివారు. వాడి పేరు ఇద్దరు ముసలివాళ్ల పేర్ల మధ్య వచ్చి, నేను మోకాళ్ల మీద సర్దుకునేలోపే వెళ్లిపోయింది. నువ్వే బాగా చదివావు.

బయటికి వచ్చాక క్లిమెకోవా గారు నన్ను పట్టుకుని నడిపించింది. "ఏడువమ్మా, నీకు ఏడవడానికైనా ఒక చోటు దొరికింది," అంది. సంచి అడుక్కి తోసిన చీటీల్లో ఆవిడది ఉందో లేదో నాకు తెలియదు. చెప్పలేకపోయాను. నువ్వూ చెప్పకు. వెతుకు. సంచులన్నీ కుమ్మరించైనా సరే, సబీనా క్లిమెక్, పదిహేడేళ్లు, ఆ చీటీ తియ్యి. వచ్చే గురువారం వితెక్ చోట్లో చదువు.

ఆవిడకు ఎడమ చెవి వినిపించదు. నెమ్మదిగా చదువు.

నీ అక్క,
గెనియా