ఎండు కొళాయికి చేసిన రిపేరు

అమ్మా, నేను కులాసా. బులవాయోలో వాడంతా నన్ను తిట్టిందని ఎవరైనా చెబితే అది నిజమే, కంగారుపడకు.

ఇక్కడ ఎనిమిది ఇళ్ళకూ ఒకటే కొళాయి, నాలుగు రోజులకొకసారి నీళ్ళు. అది కారుతుంటే, మన పని మనమే చేసుకోవాలన్న కరపత్రం ఒకటి వాడవాళ్ళకు చదివి వినిపించి, నీళ్ళు రాని రోజున నేనే విప్పి బలమంతా పెట్టి బిగించాను. చుక్క కారలేదని ఉపన్యాసమూ ఇచ్చాను. గురువారం నీళ్ళు రాగానే నట్టు చిట్లి, అందరి నీళ్ళూ వీధి పాలయ్యాయి.

"ఎండు గొట్టం కారుతుందా నాయనా?" అంది పక్కింటి ముసలమ్మ మదూబె. నాకు ఒళ్ళు మండింది. ఆమె మాత్రం పాత సైకిలు ట్యూబు కత్తిరించి, వాషరు చేసి నా చేతిలో పెట్టింది. "ముందు వేళ్ళతో బిగించు. తర్వాత పానాతో పావు చుట్టు. కోపం ఇంకో చుట్టు అడుగుతుంది, ఇవ్వకు."

కొత్త నట్టు తెచ్చాను. ఈ కార్డు తెచ్చే బస్సు డ్రైవరుకే నాన్న చిన్న పానా ఇచ్చి పంపు. మేకలు ఈనాయా? చెల్లి దగ్గు తగ్గిందా? తాతయ్యకు దండాలు.

కరపత్రాల పిచ్చోడన్నాడని నాన్నతో పోట్లాడి వచ్చాను కదా. ముప్ఫై ఏళ్ళు గనిలో గొట్టాలు బిగించాడు, ఎక్కడ ఆపాలో ఆయన చేతికి ఎలా తెలిసేదో నేనే అడుగుతున్నానని చెప్పు. సోమవారం మళ్ళీ నీళ్ళొస్తాయి.

నీ కొడుకు,
ఎన్కోసిలాతి