ల్యాబు తాళాలు, ఎమెరిటస్ బిరుదు

బ్రాంప్టన్, కెనడా, మంగళవారం

మా ఊరి కాలేజీ ల్యాబులో ముప్పై ఏళ్ళు అటెండరుగా చేశాను. రిటైరైన రోజు శాలువా కప్పారు. ఫోటో కూడా తీయకముందే బీరువా తాళాలు అడిగి తీసుకున్నారు. ఆ కోపం నాకింకా పోలేదు.

ఇవాళ అన్నం దగ్గర కోడలు స్వప్న తను పనిచేసే యూనివర్సిటీ ఆఫీసు సంగతి చెప్పింది. కెమిస్ట్రీ ప్రొఫెసరు ఒకాయన ఈ శుక్రవారం రిటైరవుతున్నాడట. ఆయనకు ఎమెరిటస్ అని బిరుదు ఇస్తారట. జీతం ఉండదు, పాఠం చెప్పక్కర్లేదు. ప్రొఫెసరన్న పేరు మాత్రం చచ్చేదాకా ఉంటుంది. లైబ్రరీ కార్డూ ఉంటుంది.

"ఆయనే అడుక్కోవాలా?" అన్నాను.

"లేదు మామయ్యా, ఇంకెవరైనా ప్రపోజ్ చేయాలి. కమిటీ ఓకే చేస్తుంది."

ఇది నాకు నచ్చింది. అడక్కుండా ఇస్తేనే మర్యాద.

"మరి మీ ల్యాబు పీటర్ కూడా శుక్రవారమే దిగిపోతున్నాడన్నావుగా? మన దేశం పిల్లలు చదువుకని వందలకొద్దీ వచ్చిపడితే ల్యాబు నడిపింది ఆయనే అన్నావు."

"ఆయన టెక్నీషియన్ మామయ్యా. అది ప్రొఫెసర్లకే."

"అలా అని ఎక్కడ రాసుంది?"

"ఏమో, నేను చూళ్ళేదు. ఆయనకి కేక్ కట్ చేయిస్తున్నాంగా!" అని నవ్వింది.

నాకు శాలువా, ఆయనకు కేకు. తాళాలు ఆయన దగ్గరా తీసుకుంటారు.

రూలు చూసి రమ్మన్నాను. శుక్రవారం కేకు కోసేలోపు నాకు జవాబు కావాలి. రూలే ఒప్పుకోదా, లేక ఇన్నాళ్ళూ ఎవరూ అడగనే లేదా?