మీ మామ అడిగిన నీళ్లు

సింహాద్రిపురం

నాయనా జనార్దన్,

పేపర్లో వారంవారం నువ్వు రాసిన పాత కక్షల చరిత్ర పుస్తకమై, ప్రొద్దుటూరులో శానామంది కొంటున్నారంట. సంతోషం. మీ మామను జమ్మలమడుగు దారిలో నరికిన కథ మా మనవరాలు కవిత చదివి వినిపించింది. ప్రాణం పోయేముందు ఆయన నన్ను తలుచుకొని, “మేయ్, దప్పికైతాండాది, రోంత నీళ్లియ్యి” అన్నాడని రాసినావు.

ఆ పొద్దు నరికినోళ్లు తప్ప ఆయన దగ్గర ఎవరూ లేరు. వాళ్లు చెప్పినారా, నువ్వే అల్లినావా? వద్దు, చెప్పొద్దులే. ఇన్నేండ్లలో ఆయన నా కలలోకి కూడా రాలేదు. ఇప్పుడు గొర్రెలకు తొట్టి నింపుతాంటే వెనక నుంచి ఆ మాటే వినిపిస్తాండాది. చెంబు ముంచుకొని తిరిగి చూస్తే ఎవరూ ఉండరు.

నేనిచ్చే నీళ్లు ఆయనకు అందవు నాయనా. మళ్లీ అచ్చేసేటప్పుడు నువ్వే ఆ పుటలో ఆయనకు నీళ్లు తాపించు.

మీ అత్త