నీళ్ల మీటింగులో ముందు చెప్పాల్సిన మాట

నాయనా,

రాగానే ఇది చదువు. జేజినాయన, అదే మీ నాయన, చెబుతుంటే గబగబా రాస్తున్నా. నీళ్ల రేటు పెంచే ముందు జనం మాట వింటామన్నారు కదా, ఆ మీటింగుకు జేజినాయన, నేను జమ్మలమడుగు పోతున్నాం.

నీళ్ల రేటు పెరిగితే మంద సాకలేమని నువ్వు పిలిచిన గొర్రెల బేరగాడు వస్తే తిప్పి పంపు. "నేనొచ్చేదాకా ఒక్క గొర్రెనూ బండి ఎక్కియ్యొద్దని రాయి పాపా. గొర్రెల తొట్టికి పట్టే నీళ్లకు రేటు పెంచొద్దని నేను అడుగుతా. మంద పోతే నేనేం కాసుకోని బతకాల? నా కొడుకు కాళ్లు పట్టుకుంటానని రాయి" అన్నాడు జేజినాయన. ఆ మాట రాయనన్నా. రాయాల్సిందే అన్నాడు.

పోయినసారి మీటింగు సంగతి నీకు చెప్పలేదు. జేజినాయన నలుగురిలో లేస్తే ఇంటిపేరు, ఊరిపేరు, ఇంటిదేవర పేరు చెప్పాకే పని మాట్లాడాలంటాడు కదా. నిదానంగా అవన్నీ చెప్పేసరికే టైమైపోయిందని గంట కొట్టి కూర్చోబెట్టారు. నీళ్ల మాటే ఎత్తలేదు.

"ఈసారి ముందు గొర్రెల దాహమే చెప్తా. ఊరిపేరు ఎత్తను పో" అంటున్నాడు.

గొర్రెపిల్లలకు తొట్టిలో నీళ్లు పోయి.

రేవతి

ఇది కూడా రాయమన్నాడు: "రేయ్ బాస్కరూ, బేరగాన్ని పంపిచ్చి నువ్వూ రారా. నాకు గంట కొడితే నువ్వు లేసి చెప్పు, ఆళ్లు రేటు పెంచే ఆ డ్యాము నీళ్ల అడుగునే మన ఎర్రమిట్టపల్లె ఉండాదని."